నడవమన్నారు సరే, దారి ఇవ్వండి

సూర్యాపేట, నల్లగొండ జిల్లాల కలెక్టర్లకు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మున్సిపల్ కమిషనర్లకు బహిరంగ లేఖ



ప్రతి సోమవారం ప్రజావాణిలో మీ ముందుకు పింఛన్లు, పట్టాలు, రేషన్ కార్డులు, మురికి కాలువల అర్జీలు వస్తాయి. ‘మా వాడలో నడవడానికి చోటు లేదు, మాకు షుగర్లు వస్తున్నాయి’ అని అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లు మాత్రం బహుశా ఒక్కరూ ఉండరు. నడవకపోవడం తమ బద్ధకమేనని జనం నమ్ముతున్నారు. డాక్టరు అదే అంటాడు, టీవీలో అదే చెబుతారు, ఇంట్లో పిల్లలూ అదే దెప్పుతారు. తప్పు తమదే అనుకున్నవాళ్లు అర్జీ ఎందుకు పెడతారు? వాళ్లు పెట్టని ఆ అర్జీయే ఈ లేఖ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనిషి నడవాలంటే మనసుంటే చాలదు, దారి ఉండాలి. మనసు సంగతి మేం చూసుకుంటాం. దారి మీ చేతుల్లో ఉంది.

2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ఒక అధ్యయనం అచ్చువేసింది. దాని ప్రకారం మన దేశంలో ఒంటికి చాలినంత శ్రమ లేని పెద్దవాళ్లు 2000లో నూటికి 22 మంది. 2022 నాటికి ఆ సంఖ్య 49 అయింది. ఆడవాళ్లలో 57, మగవాళ్లలో 42. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, పెద్దవాళ్లలో మూడోవంతుకు పైగా బీపీ ఉందని లెక్క తేల్చింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లు ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ నూటికి ముప్పై మందికి పైనే.

ఇరవై రెండేళ్లలో దేశంలో సగంమంది బద్ధకస్తులైపోయారంటే నమ్మగలమా? మారింది బతుకు తీరు, ఊళ్ల తీరు. మన ప్రాంతాన్నే చూడండి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి పొలాలయ్యాయి. ఆ వరి నాటిన చేతులు, కోసిన చేతులు, మోసిన భుజాలు రోజూ ఎంత పని చేశాయో కొలిచినవాళ్లు లేరు. ఇప్పుడు దున్నడానికి ట్రాక్టరు, కోయడానికి హార్వెస్టరు, బావి దగ్గరికి పోవడానికి మోటార్ సైకిల్. శ్రమ తగ్గినందుకు సంతోషించాలి, ఎవరి నడుమూ విరగకూడదు. కానీ పని నుంచి పోయిన కదలిక ఇంకో చోట తిరిగి దొరకాలి. పట్టణానికి వచ్చి స్థిరపడిన ఆ రైతుబిడ్డకు అది దొరకడం లేదు. బడి ఒక చివర, బజారు ఒక చివర, ఆస్పత్రి ఇంకో చివర. మధ్యలో ఉన్న రోడ్డు బండ్లది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియంది కాదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పట్టుకొచ్చే ఒక ఫారం ఉంది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి వివరాలూ అందులో రాసుకుంటారు. వయసెంత, పొగ తాగుతారా, నడుం చుట్టుకొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా? వాటితోపాటు ఇంకో ప్రశ్న ఉంటుంది: వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలే పని చేస్తారా? చేస్తే సున్నా, చేయకపోతే ఒక మార్కు. మొత్తం నాలుగు దాటితే పరీక్షల్లో వాళ్లకు ముందు వరుస.

మా వీధిలో ఆ ప్రశ్న అడుగుతుండగా నేను విన్నాను. టేపు మెడలో వేసుకుని గడప దగ్గర కూర్చున్న ఆశా, ‘రోజుకు అర్ధగంట నడుస్తవా అక్కా?’ అంది. ఆ ఇంటావిడ చేతిలోని చేట పక్కన పెట్టి, ‘యాడ నడవాలె చెల్లె? పొద్దుగాల లేస్తే నల్లా నీళ్లు, పిల్లల బాక్సులు. అంతకన్న ముందే పోదామంటే కుక్కలు. పొద్దూకినంక పోదామంటే సందుల లైటు లేదు, రోడ్డెక్కితే బండ్లు’ అని వరసగా చెప్పింది. ఆశాకు అదంతా తెలుసు, ఆమెదీ అదే వాడ. కానీ ఫారంలో దానికి గడి లేదు. ఆమె ఒకటి వేసుకుని తర్వాతి ప్రశ్నకు పోయింది.

అధికారులారా, ఆ జవాబులో కుళాయి వేళ ఉంది, వీధి కుక్క ఉంది, వీధి దీపం ఉంది, రోడ్డు మీద వేగం ఉంది. నాలుగూ పురపాలక సంఘం, పోలీసు శాఖ చూసుకోవాల్సినవే. జబ్బు లెక్క మాత్రం ఆమె ఖాతాలో పడింది.

ఇప్పటిదాకా జరిగింది తక్కువేమీ కాదు. సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మినీ ట్యాంక్‌బండ్ అయింది, పొద్దునా సాయంత్రమూ అక్కడ నడిచేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు వచ్చాయి. 2022 నుంచి ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు. వీటన్నిటికీ కృతజ్ఞులం. కానీ కట్ట మీద నడిచేవాళ్లలో ఎంతమంది అక్కడికి నడిచి వచ్చారో చూడండి. కట్ట పక్కన వరసగా నిలిపిన బండ్లే చెబుతాయి. పొద్దున ఆరింటికి బండి తీసుకుని అక్కడికి రాగలిగినవాళ్లకే ఆ కట్ట. బండి లేనివాళ్లకు, ఆ వేళకు పొయ్యి ముందు ఉండేవాళ్లకు, మోకాళ్ల నొప్పులతో దూరం రాలేని పెద్దవాళ్లకు అది ఉన్నా లేనట్టే. క్రీడా ప్రాంగణాల్లో కొన్ని ఊరికి దూరంగా, గుట్టల పక్కన, చెట్టు నీడ కూడా లేనిచోట పెట్టారని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. వ్యాయామానికి ప్రత్యేకంగా ఒక చోటు కట్టడం మంచిదే. రోజూ వెళ్లే దారినే నడవగలిగేలా చేస్తే అది అందరికీ అందుతుంది, ప్రత్యేకంగా వేళ కేటాయించాల్సిన పని కూడా ఉండదు. బడికీ, కూరగాయలకూ, గుడికీ, బస్టాండుకూ పోయివస్తే ఆ ముప్పై నిమిషాలు వాటంతటవే పూర్తవుతాయి.

ఆ దారి ఇప్పుడెలా ఉంది? ఈ మూడు పట్టణాల్లో ఏదైనా ఒక బడి గేటు దగ్గర నిలబడి, బడి విడిచే వేళకు పెద్ద రోడ్డు దాకా నడవండి. ఫుట్‌పాత్ అన్నది చాలాచోట్ల మురికి కాలువ మీద పరిచిన బిళ్లలే. ఒక బిళ్ల పైకి లేచి ఉంటుంది, ఒకటి విరిగి ఉంటుంది, ఒకటి అసలే ఉండదు. నాలుగడుగులు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె అడ్డం. దాన్ని తప్పించుకుంటే కిరాణా కొట్టు ర్యాంపు, ఆపైన స్టాండేసిన బైకులు, ఫ్లెక్సీ కట్టిన ఇనుప చట్రం. చివరికి పిల్లలు రోడ్డు మీదికే దిగుతారు. వెనక ఆటో హారన్, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే బైకు. ఇది చూసిన ఏ తల్లి అయినా మర్నాటి నుంచి స్కూలు ఆటో మాట్లాడుకుంటుంది. అలా ఒక బిడ్డ నడక ఆగిపోతుంది, రోడ్డు మీద ఇంకో బండి పెరుగుతుంది, మిగిలిన పిల్లల నడక ఇంకాస్త ప్రమాదమవుతుంది.

పాదచారుల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏ అడ్డూ లేని 1.8 మీటర్ల నడక దారి, అంటే దాదాపు ఆరడుగులు ఉండాలంటున్నాయి. నడవదగిన ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద పౌరుల హక్కని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. కాబట్టి మేం దయ చూపమని అడగడం లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఫుట్‌పాత్ ఖాళీ చేయించమంటే ముందుగా తోపుడు బండ్లవాళ్లను తరిమేయడం మన దగ్గర అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు చూపించమనే చెప్పింది. మిర్చి బండి, పండ్ల బండి ఉన్న వీధిలో సాయంత్రం పూట జనం ఉంటారు, వెలుగు ఉంటుంది. ఆడవాళ్లు ధైర్యంగా నడిచేది ఆ వీధిలోనే. తీసేయాల్సింది నిలిపిన బండ్లను, మెట్లను, ర్యాంపులను, ఫ్లెక్సీలను.

ఇక హైవే సంగతి. సూర్యాపేట, కోదాడ రెండూ 65వ నంబరు జాతీయ రహదారిని అంటిపెట్టుకుని పెరిగాయి. హైదరాబాద్-విజయవాడ దారిలో తరచూ ప్రమాదాలు జరిగే చోట్లుగా గుర్తించిన 17 బ్లాక్ స్పాట్‌లలో సూర్యాపేట జనగాం క్రాస్‌రోడ్డు, దురాజ్‌పల్లి జంక్షన్, కోదాడ దగ్గర కొమరబండ క్రాస్‌రోడ్డు ఉన్నాయి. రోడ్డుకు ఈ పక్క ఇల్లు, ఆ పక్క పొలం ఉన్న మనిషికి రోడ్డు దాటడమే ప్రాణగండమైతే నడక ఆరోగ్యమని ఏ నోటితో చెబుతాం? ఈ దారిని ఆరు వరుసలకు పెంచే ప్రయత్నం నడుస్తున్న ఈ సమయంలోనే, ప్రతి ఊరి దగ్గరా మనుషులు దాటే దారి, సర్వీసు రోడ్డు వెంట నడక దారి ఉండాలని కలెక్టర్ హోదాలో మీరు పట్టుబట్టాలి. రోడ్డు వేశాక అడిగితే ఇరవై ఏళ్లు ఆగాలి.

మిర్యాలగూడ కథ వేరు. అది రైస్ మిల్లుల ఊరు. రోజంతా బస్తాలు మోసే హమాలీకి వ్యాయామం చేయమని బోర్డు పెట్టడం అవమానం. ఆయనకు కావాల్సింది తక్కువ బరువున్న బస్తా, ఎక్కించే యంత్రం, నీడ, చల్లని నీళ్లు, సెలవు. బరువులు మోసిన అలసటా, హాయిగా నడిచిన అలసటా ఒంటికి ఒకే మేలు చేయవు. అదే మిల్లులో పద్దులు రాసే గుమస్తా, గల్లాపెట్టె ముందు కూర్చునే యజమాని, లారీ నడిపే డ్రైవరు గంటల తరబడి కదలరు. ఒకే గేటు లోపల ఒకరికి విశ్రాంతి, ఇంకొకరికి కదలిక కరువు. ప్రజారోగ్య విధానం అంటే ఈ తేడా గుర్తించడం. మిల్లులకు వచ్చే లారీలు ఊళ్లోకి రావడానికి వేళలు పెట్టి, బడి సమయంలో వాటిని ఆపితే సగం భయం పోతుంది.

పిల్లల విషయానికొస్తే, ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా వయసున్నవాళ్లు రోజుకు గంట తగ్గకుండా ఆడాలని, పరుగెత్తాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. మన పట్టణాల్లో బజారు మీద మూడంతస్తుల్లో నడిచే బడులు, జూనియర్ కాలేజీలు మీకు తెలియనివి కావు. అక్కడ పదిహేనేళ్ల పిల్ల పొద్దున కూర్చుంటే రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చునే ఉంటుంది. ఉన్న ఆటల పీరియడ్ పరీక్షలు దగ్గరపడితే లెక్కలకు పోతుంది. మరోపక్క ప్రభుత్వ హైస్కూళ్లకు మంచి మైదానాలున్నాయి. సాయంత్రం నాలుగున్నరకు గేటుకు తాళం పడితే మళ్లీ మర్నాడే.

ఆటంటే మనవాళ్లకు ప్రేమ లేదని ఎవరూ అనలేరు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు చూడడానికి జనం విరగబడి వచ్చారు. తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రిని తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అంత ప్రేమ ఉన్న ఊరికి గట్టి కట్టడాలున్న మైదానాలు, రోజూ ఆడుకునే వీలు కావాలి. పోటీలు నాలుగు రోజులే ఉంటాయి, ఆ తర్వాత పిల్లలు ఎక్కడ ఆడాలి?

ఇవన్నీ అయ్యే పనులేనా అంటారేమో. పెద్దగట్టును గుర్తు చేస్తాను. రెండేళ్లకోసారి మాఘమాసంలో దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. లక్షలమంది వస్తారు, గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. 2025 ఫిబ్రవరిలోనూ వచ్చారు. ఆ రోజుల్లో మీరేం చేస్తారు? జాతీయ రహదారి మీద వాహనాలనే దారి మళ్లిస్తారు. నీళ్ల ట్యాంకులు, లైట్లు, మరుగుదొడ్లు, మహిళా పోలీసులు, వైద్య శిబిరాలు, అన్నీ నడిచేవాళ్ల కోసమే ఏర్పాటవుతాయి. రెండు మహానగరాల మధ్య ఉన్న హైవేని నడిచేవాళ్ల కోసం మళ్లించగలిగిన యంత్రాంగానికి, ఆదివారం పొద్దున ఒక బజారు మూసి పెట్టడం కష్టమా? కొలంబియా రాజధాని బొగోటాలో 1970ల నుంచి ఇదే చేస్తున్నారు. ప్రతి ఆదివారం, సెలవు రోజున ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు నడకకు, సైకిళ్లకు వదిలేస్తారు. మేం అడుగుతున్నది ఒక్క కిలోమీటరు.

అందుకని మా విన్నపాలు ఇవి.

ఒకటి, ప్రతి ఆదివారం ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా సూర్యాపేట ఎంజీ రోడ్డులో, కోదాడ ఊరి నడుమ పోయే పెద్ద రోడ్డులో, మిర్యాలగూడ సాగర్ రోడ్డులో ఒక్కో కిలోమీటరు బండ్లు లేకుండా చేయండి. కొట్లు తెరిచేలోపే అయిపోతుంది, వ్యాపారానికి నష్టం లేదు. అంబులెన్సుకు దారి ఉంచండి.

రెండు, ప్రతి బడి చుట్టూ అర కిలోమీటరు మేర ఆరడుగుల నడక దారి, వేగ నిరోధకాలు, జీబ్రా గీతలు వేయండి. ఊరంతా ఒకేసారి వద్దు. పట్టణానికి ఐదు బళ్లతో మొదలుపెట్టండి.

మూడు, ప్రభుత్వ బడుల మైదానాలు పొద్దున, సాయంత్రం చుట్టుపక్కల జనానికి తెరవండి. కాపలాదారుడి జీతం, లైట్ల ఖర్చు మున్సిపాలిటీ భరించాలి. సాయంత్రం ఒక గంట ఆడపిల్లల ఖోఖో, కబడ్డీకే కేటాయించండి. మైదానాన్ని మగపిల్లల క్రికెట్ నింపేస్తే అమ్మాయిలు గేటు దగ్గరి నుంచే వెనక్కిపోతున్నారు.

నాలుగు, ఆశాలు రాసుకున్న ఆ 150 నిమిషాల జవాబులను వార్డులవారీగా కూడండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఏ వార్డులో నడవనివాళ్లు ఎక్కువో అక్కడే మొదట వీధి దీపాలు, నడక దారులు, కుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు, టీకాలు జరగాలి. వైద్యశాఖ దగ్గరున్న అంకె ఇంజనీరింగ్ విభాగం బల్ల మీదికి రావాలి. ఈ పనికి పైసా ఖర్చు లేదు. నెలకోసారి మీరంతా ఒక గదిలో కూర్చుంటే చాలు.

ఐదు, నీడ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం బడ్జెట్లో పదోవంతు పచ్చదనానికి ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో డివైడర్ల మీద పూల మొక్కలకన్నా నడక దారుల వెంట వేప, కానుగ పెట్టండి. మనిషి తల మీద నీడ పడని మొక్క ఈ ఊళ్లకు రెండో అవసరం.

డబ్బు సంగతి ఆలోచిస్తే, ఇందులో ఆదివారం వీధికి బారికేడ్లు, నలుగురు కానిస్టేబుళ్లు చాలు. మైదానానికి తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్న నిర్ణయం చాలు. నడక దారులకు ఖర్చవుతుంది, నిజమే. కానీ డయాలసిస్ కుర్చీకి, గుండెకు వేసే స్టెంటుకు, పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లో చూసుకునే కోడలి కూలి నష్టానికి అయ్యే ఖర్చు ఇప్పుడు కూడా ఎవరో ఒకరు భరిస్తూనే ఉన్నారు. ఆ భారంలో ఎక్కువ భాగం పేద ఇళ్ల మీదే పడుతోంది.

మా వంతు మేం చేస్తాం. కొట్టు ముందు ర్యాంపు తీసేయమని వ్యాపారులను ఒప్పించే బాధ్యత వాడ పెద్దలు తీసుకోగలరు. నాలుగు వీధుల దూరానికి బండి తీయకుండా ఉండడం మా చేతుల్లో పని. పిల్లలను వరసగా నడిపించి బడికి చేర్చడానికి రిటైరైన ఉపాధ్యాయులు, తల్లులు వంతులు వేసుకోవచ్చు. ఏ వార్డులో ఎక్కడ బిళ్ల విరిగిందో, ఎక్కడ లైటు వెలగడం లేదో రాసి మీకు అందించడం మా డిగ్రీ కాలేజీ పిల్లలు వారంలో చేయగల పని.

ఇంత రాశాక మీ నుంచి మేం కోరుతున్న జవాబు చిన్నదే. మూడు పట్టణాల్లో మొదటి ఆదివారం వీధి ఏ తేదీన మొదలవుతుందో ప్రకటించండి. ఏ ఐదు బళ్ల దారులు ముందుగా బాగుచేస్తారో మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టండి. తేదీ చెప్పండి చాలు, ఆ తెల్లవారుజామున బారికేడ్లు మోయడానికి మేం వస్తాం.

ఇట్లు,
మీ పాలనలోని పట్టణవాసి,
సూర్యాపేట.